హాంకాంగ్ జుక్ కొట్టులో పొద్దుటి టిఫిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

హాంకాంగ్ వచ్చే మనవాళ్లలో చాలామంది హోటల్లో బ్రెడ్డూ ఆమ్లెట్టూ తిని బయటపడతారు. అదే హోటల్ వెనక సందులో, ఆవిరి పట్టిన అద్దాల వెనక, ఈ ఊరివాళ్లు అసలైన టిఫిన్ చేస్తుంటారు. లోపలికి వెళ్లాలని ఉన్నా మెనూ అర్థం కాదేమో, ఏం మాంసం వేస్తారో అన్న టెన్షన్‌తో ఆగిపోతారు. చుట్టాలూ స్నేహితులూ ఇక్కడికి వచ్చే ముందు నన్ను అడిగేవన్నీ కలిపి ఇక్కడ పెట్టాను. దగ్గర్లోని గ్వాంగ్‌జౌ, మకావ్ నగరాలకు వెళ్లేవాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది.

జుక్ అంటే ఏమిటి? మన గంజేనా?

గంజి అంటే మనకు అన్నం వార్చిన నీళ్లు. జుక్‌లో వార్చడం ఉండదు. బియ్యానికి పది పన్నెండు రెట్లు నీళ్లు పోసి, ఏది మెతుకో ఏది నీళ్లో తెలియనంతవరకు ఉడికిస్తారు. దగ్గరి పోలిక కావాలంటే నూకల జావ. ఇంగ్లిష్ మెనూల్లో ‘కాంజీ’ అని రాసి ఉంటుంది. జావ మనింట్లో జ్వరం వచ్చినప్పుడే గుర్తొస్తుంది. ఇక్కడ జ్వరంలోనూ తింటారు, ఏ జబ్బూ లేనప్పుడూ తింటారు. బడికెళ్లే పిల్లలు, మార్కెట్‌కి వచ్చిన ముసలమ్మలు, రాత్రి డ్యూటీ దిగిన టాక్సీ డ్రైవర్లు ఒకే బల్ల మీద కనిపిస్తారు.

చైనా అంతటా జుక్ ఒకేలా ఉండదు. హాంకాంగ్‌ని ఆనుకుని ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో తూర్పున ఉండే చావ్‌జౌ వాళ్లు మెతుకు విడిగా కనబడేలా, పలచగా వండుకుని, పక్కన ఊరబెట్టిన కూరలూ చేపలూ నంజుకుంటారు. నేను చెప్పేదంతా క్యాంటనీస్ పద్ధతి, అంటే హాంకాంగ్, గ్వాంగ్‌జౌ వైపుది.

అంత నున్నగా ఎలా వస్తుంది? పిండి కలుపుతారా?

మంచి కొట్టులో కలపరు. బియ్యం కడిగి, కాస్త ఉప్పూ నూనే పట్టించి నాననిస్తారు. కొందరు ఆ బియ్యంలోనే ఒక నల్లగుడ్డు చిదిపి కలుపుతారు (దాని గురించి కింద చెప్తాను). తర్వాత మరుగుతున్న నీళ్లలోనో, పంది ఎముకల పులుసులోనో వేసి గంటల తరబడి ఉడికిస్తారు. ఎండబెట్టిన స్కాలప్ (ఒక రకం ఆల్చిప్ప మాంసం), ఎండు చేప, సోయా పాల మీద కట్టే మీగడను ఎండబెట్టిన రేకులు, ఇలా ఎవరి రహస్యం వాళ్లది. ఆ రేకులు కరిగి జుక్‌కి తెల్లటి చిక్కదనం ఇస్తాయి. అడుగంటకుండా కలుపుతూ ఉండాలి కాబట్టి వంటవాళ్లకి తెల్లవారకముందే పని మొదలవుతుంది.

ఇలా తయారైన పెద్ద డేగిసా జుక్‌ని ‘జుక్ దాయ్’ అంటారు. అంటే పునాది జుక్. మీరు ఆర్డర్ చెప్పాక అసలు తమాషా మొదలవుతుంది. వంటాయన పిడి ఉన్న చిన్న గిన్నెలోకి రెండు గరిటెల జుక్ దాయ్ పోసి పెద్ద మంట మీద పెడతాడు. అది బుడగలు లేస్తూ ఎగిరిపడుతుంటే సన్నగా తరిగిన అల్లం, మీరడిగిన చేపో మాంసమో పచ్చిదే వేస్తాడు. రెండు తిప్పులు తిప్పి, ముక్క రంగు మారీ మారకముందే మీ గిన్నెలోకి ఒంపేస్తాడు. మిగతా ఉడుకు గిన్నెలో జరుగుతుంది. ఒక్కో ఆర్డరుకు ఒక్కో గిన్నె. దీన్నే ‘సాంగ్ గ్వన్ జుక్’ అంటారు, పచ్చి ముక్కలు అప్పటికప్పుడు మరిగించిన జుక్ అని. వంటిల్లు కనబడే బల్ల దొరికితే అక్కడే కూర్చోండి.

పైన వేసే చేపా మాంసమూ మార్కెట్లో ఎవరైనా కొనగలరు. జుక్ దాయ్ మాత్రం కొనలేరు. ఏ కొట్టు మంచిదో తేల్చుకోవాలంటే ఏమీ వేయని తెల్ల జుక్ (బాక్ జుక్) రుచి చూస్తే చాలని నా లెక్క. అది బాగుంటే అక్కడ ఏది చెప్పినా బాగుంటుంది. అది నీళ్లూ మెతుకులుగా విడిపోయి ఉంటే మాత్రం పైన ఏం వేసినా దండగ.

మెనూలో అన్ని రకాలున్నాయి. మొదటిసారి ఏది చెప్పాలి?

మాంసాహారులైతే చేప ముక్కల జుక్‌తో మొదలుపెట్టమంటాను. ఎక్కువగా గడ్డి చేప వాడతారు, ఆంధ్ర చెరువుల్లో పెంచేదే. పలచగా కోసిన ముక్కలు, అల్లం, ఉల్లికాడలు, పక్కన చిన్న పళ్లెంలో సోయా సాస్. ముక్క తీసి సాస్‌లో ముంచి తినాలి. ముక్కలు పైన పచ్చిగా కనబడితే వేడి జుక్‌లోకి నొక్కి, తెల్లబడేదాకా ఆగండి. మంచినీటి చేపను పచ్చిగా తింటే కాలేయంలో పరాన్నజీవులు చేరే ప్రమాదం ఉంది. ముళ్లుంటాయి, పిల్లలకు మీరే చూసి పెట్టండి.

అందరికీ తెలిసినది ‘పేయ్ దాన్ సౌ యుక్ జుక్’. నల్లగుడ్డు, కొవ్వు లేని ఉప్పు పట్టించిన పంది మాంసం. ఏ కొట్టులోనైనా ఉంటుంది, ఎక్కడా మరీ చెడగొట్టరు.

‘తెంగ్ జాయ్ జుక్’ అంటే పడవ జుక్. గ్వాంగ్‌జౌలో లీచీ తోటలకు పేరుపడ్డ లివాన్ ప్రాంతంలో, కాలువల మీద చిన్న పడవల్లో అమ్మేవాళ్లు. చేప, స్క్విడ్, పంది చర్మం, వేయించిన పల్లీలు, గుడ్డు తురుము, ఇలా చేతికందినవన్నీ అందులో ఉంటాయి. నాకు ఇది చాలా ఇష్టం, మెత్తటి జుక్‌లో పల్లీ కరకరలాడటం కోసమే.

‘కప్ దాయ్ జుక్’ ధైర్యవంతులకు. పంది కార్జం, పేగులు, మాంసం ఉండలు వేస్తారు. ‘కప్ దాయ్’ అంటే రాజుగారి పరీక్ష పాసవ్వడం. మింగ్ రాజుల కాలంలో లున్ వెన్‌షు అనే పేద కుర్రాడికి జుక్ కొట్టు యజమాని ఒకడు ఇవన్నీ వేసి ఉచితంగా పెట్టేవాడనీ, ఆ కుర్రాడు దేశం మొత్తానికి ఫస్టు వచ్చాడనీ కథ. పరీక్షల ముందు పిల్లలకు ఇది తినిపించే అమ్మలు ఇప్పటికీ ఉన్నారు. మన ఇళ్లలో కార్జం వేపుడు ఇష్టంగా తినేవాళ్లకు నచ్చుతుంది. ఇక్కడ కార్జం గట్టిపడనివ్వరు.

ఆ నల్లగుడ్డు చూస్తేనే భయమేస్తోంది. తినొచ్చా?

తినొచ్చు. ‘వందేళ్ల గుడ్డు’ అన్న పేరు విని కంగారు పడొద్దు, కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుందంతే. బాతు గుడ్డును సున్నం, బూడిద, ఉప్పు, టీ కలిపిన ముద్దలోనో ద్రావణంలోనో ఉంచుతారు. ఆ క్షారం పెంకులోంచి లోపలికి దిగి తెల్లసొనను గోధుమరంగు జెల్లీగా, పచ్చసొనను ముదురాకుపచ్చ ముద్దగా మారుస్తుంది. కాస్త అమ్మోనియా వాసన ఉంటుంది. ఉత్తగా తింటే అది ముక్కుకి తగులుతుంది, వేడి జుక్‌లో చాలావరకు పోతుంది. ఒకప్పుడు దీని తయారీలో సీసం కలిసిన పదార్థం వాడేవాళ్లు, అందుకే షాపుల్లో కొనేటప్పుడు సీసం లేనిదని రాసి ఉన్న ప్యాకెట్టే తీసుకోండి.

జుక్ ఒక్కటే సరిపోతుందా? పక్కన ఏం తెప్పించుకోవాలి?

ఒక్క జుక్ తిని లేస్తే టిఫిన్ సగమే అయినట్టు. తడిది ఒకటి, కరకరలాడేది ఒకటి ఉండాలి.

మొదట ‘యౌ జా గ్వాయ్’. మైదా పిండిని రెండు పట్టీలుగా కోసి, ఒకదానిమీద ఒకటి అతికించి, లాగి, నూనెలో వేస్తే జానెడు పైన పొడవున్న కడ్డీగా పొంగుతుంది. పైన పెళుసు, లోపల డొల్ల. తుంచి జుక్‌లో ముంచి, మెత్తబడకముందే తినాలి. పేరుకి అర్థం ‘నూనెలో వేగిన దెయ్యం’. సాంగ్ రాజ్యంలో యుయె ఫేయ్ అనే సేనాపతి 1142లో చంపబడ్డాడు. దానికి కారకుడని జనం తిట్టుకునే మంత్రి చిన్ హుయ్. ఆ మంత్రినీ అతని భార్యనూ పిండితో చేసి నూనెలో వేయించారనీ, అందుకే రెండు పట్టీలనీ చెప్తారు. కథ ఎంత నిజమో గానీ, జనం కోపం మాత్రం రుచిగా ఉంది. పొద్దున వేయించి పక్కన పెట్టినది పది గంటలకల్లా తోలులా సాగుతుంది. బుట్టలో చల్లారినవే కనబడితే మానేయండి.

‘చ్యోంగ్ ఫన్’ బియ్యప్పిండి ద్రావణాన్ని పలచగా పరిచి ఆవిరి మీద ఉడికించి చుట్టిన రోల్. లోపల రొయ్యలు, మాంసం పెట్టి సోయా సాస్ పోసేది ఒక రకం. ఏమీ పెట్టకుండా సన్నగా చుట్టి, మీ కళ్ల ముందే కత్తెరతో టకటకా ముక్కలు కత్తిరించి, తియ్య సాస్, నువ్వుల సాస్, కారం సాస్, వేయించిన నువ్వులు వేసి ఇచ్చేది ఇంకో రకం. నా ఓటు రెండోదానికే. సాస్‌లన్నీ కలిపేసి, వెదురు పుల్లతో గుచ్చుకుని తింటారు.

ఈ రెండూ ఒకేసారి కావాలంటే ‘జా ల్యోంగ్’ అడగండి. యౌ జా గ్వాయ్‌ని చ్యోంగ్ ఫన్‌లో చుట్టి కోసి ఇస్తారు. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా లోపలి కడ్డీ కరకరలాడితే వంటాయన చెయ్యి తిరిగినవాడే.

ఇవి కాక సోయా సాస్‌తో వేయించిన నూడుల్స్, తియ్యగా ఉండే ‘న్గౌ లేయ్ సౌ’ ఉంటాయి. రెండోదాని పేరులో ఎద్దు నాలుక ఉంది గానీ, అది ఆకారం చూసి పెట్టిన పేరు. లోపల మాంసం ఉండదు. తాగడానికి వేడి సోయా పాలు.

మేం శాకాహారులం. ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ అడగాలి. తెల్ల జుక్‌ని కొన్ని కొట్లలో ఉత్త నీళ్లతోనే వండుతారు, కొన్నింట్లో పంది ఎముకలు గానీ ఎండు చేప గానీ వేస్తారు. చూస్తే తెలియదు. ‘మాంసం, ఎముకల పులుసు, ఎండు చేప, ఎండు రొయ్యలు, గుడ్డు వద్దు’ అని ఫోన్‌లో చైనీస్‌లోకి మార్చి చూపించండి. నోటితో చెప్పాలంటే ‘న్గో సిక్ జాయ్’, నేను శాకాహారం తింటాను అని. అయితే జుక్ కొట్టులో ‘జాయ్’ అంటే ‘ఏమీ వేయనిది’ అని కూడా అర్థమవుతుంది. ‘జాయ్ చ్యోంగ్’ అంటే ఉత్త చ్యోంగ్ ఫన్. అది నువ్వుల సాస్‌తో మీకు సరిపోతుంది. నూడుల్స్‌కి పంది కొవ్వు వాడతారేమో అడగండి.

పట్టింపు గట్టిగా ఉన్నవాళ్లు బౌద్ధ శాకాహార హోటళ్లకు వెళ్లడమే నయం. జుక్ కొట్టులో గరిటె ఒకటే ఉంటుంది, నూనె ఒకటే ఉంటుంది. ఆ మాట ముందే చెప్పడం మంచిది.

మాంసం తింటాం గానీ బీఫ్, పోర్క్ తినం. హలాల్ సంగతేమిటి?

బీఫ్ వద్దంటే తేలిక, ‘న్గౌ’ (ఎద్దు) అన్న మాట లేనిది చెప్పుకుంటే చాలావరకు సరిపోతుంది (పైన చెప్పిన తియ్యటి పేస్ట్రీ మినహాయింపు). పోర్క్ కష్టం, ఎందుకంటే జుక్ దాయ్‌లోనే ఎముకలు ఉండొచ్చు. చేప జుక్ చెప్పినంత మాత్రాన పంది లేదని అనుకోవద్దు. హలాల్ కావాల్సినవాళ్లు వాన్ చాయ్‌లో ఇస్లామిక్ సెంటర్ క్యాంటీన్‌కి వెళ్తే హలాల్ డిమ్ సమ్ (టీతో తినే చిన్న చిన్న వంటకాలు) దొరుకుతుంది. అది వేరే తరహా టిఫిన్ అనుకోండి.

కొట్టులోకి వెళ్లాక ఎలా? భాష రాదు కదా.

ఎవరూ ఎదురొచ్చి నమస్కారం పెట్టరు. వేలితో ‘ఎంతమంది’ అని చూపిస్తే, ఖాళీ ఉన్న స్టూలు చూపిస్తారు. ఆ బల్ల మీద ముందే ఎవరో తింటూ ఉంటారు. దీన్ని ‘దాప్ తోయ్’ అంటారు, ఎవరూ ఏమీ అనుకోరు, మాట కలపాల్సిన పనీ లేదు. సర్వర్లు గట్టిగా, విసుగ్గా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అది కోపం కాదు, రద్దీ. తినేసి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే మాత్రం నిజంగానే కోపం వస్తుంది.

‘మ్ గోయ్’ ఒక్కటి నేర్చుకోండి. పిలవడానికీ అదే, థాంక్స్‌కీ అదే. ఉల్లికాడలు వద్దంటే ‘జౌ చుంగ్’. బిల్లుకి ‘మాయ్ దాన్’. పాత సర్వర్లు తెల్ల జుక్‌ని వంటింట్లోకి ‘లెంగ్ నోయ్’ అని కేకేస్తారు, అంటే అందగత్తె. ఉత్త తెల్లన్నం ‘లెంగ్ జాయ్’, అందగాడు.

ఎన్నింటికి వెళ్లాలి? ఎంతవుతుంది?

చాలా కొట్లు ఆరు, ఏడు గంటలకల్లా తెరుస్తారు. ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఆఫీసు రద్దీ. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్తే తొమ్మిదిన్నరకి వెళ్లండి. కొన్ని కొట్లు మధ్యాహ్నానికే మూసేస్తారు.

తెల్ల జుక్ పది, పదిహేను హాంకాంగ్ డాలర్ల నుంచి, చేపా మాంసం వేసినవి మామూలు కొట్టులో 30 నుంచి 60 డాలర్ల మధ్య ఉంటాయి. డాలర్‌ని సుమారు 11 రూపాయలు అనుకోండి. క్రెడిట్ కార్డు తీసుకోని కొట్లు ఇంకా చాలా ఉన్నాయి. చిల్లర నోట్లు, లేదా మెట్రోలో వాడే ఆక్టోపస్ కార్డు దగ్గరుంచుకోండి. టిప్పు అక్కర్లేదు.

ఇదీ డిమ్ సమ్ ఒకటేనా?

కాదు. డిమ్ సమ్ టీ తాగుతూ, పదిమందితో, తీరిగ్గా గంటలు గడిపే వ్యవహారం. మిల్క్ టీ, మాకరోనీ సూప్, గుడ్డు పెట్టిన బన్ను దొరికేది ‘చా చాన్ తెంగ్’. జుక్ కొట్టులో ఇరవై నిమిషాల్లో పని ముగుస్తుంది.

చప్పగా ఉంది. కారం అడగొచ్చా?

బల్ల మీద తెల్ల మిరియాల పొడి ఉంటుంది, ముందు అది వేసుకోండి. సోయా సాస్ రెండు చుక్కలు. కారం సాస్ చ్యోంగ్ ఫన్ కోసం, అడిగితే జుక్‌కీ ఇస్తారు, కానీ బియ్యం కమ్మదనం పోతుంది. మొదటి నాలుగు చెంచాలు ఏమీ వేయకుండా తినమని నా మనవి. ఆ తర్వాత బ్యాగులోంచి ఆవకాయ తీసినా నేనేమీ అనను, బాక్ జుక్‌తో అది బ్రహ్మాండంగా ఉంటుంది.

మొదట చిక్కగా ఉన్న జుక్ చివరికొచ్చేసరికి నీళ్లైపోయింది. నిన్నటిది పెట్టారా?

లేదు, అది మీ చెంచా పనే. నోట్లో పెట్టిన చెంచా మళ్లీ మళ్లీ గిన్నెలో ముంచుతుంటే, లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము పిండి పదార్థాన్ని విరగ్గొట్టి పలచన చేస్తుంది. నెమ్మదిగా తినేవాళ్లు ఖాళీ గిన్నె ఒకటి అడిగి కొంచెం కొంచెం ఒంపుకుంటే సరి.

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

జాగ్రత్త. బియ్యం అంతగా ఉడికిపోయి ఉంటుంది కాబట్టి త్వరగా అరిగి షుగర్‌ని త్వరగా పెంచుతుంది. చేప జుక్ చిన్న గిన్నెడు తీసుకుని, మైదా కడ్డీ మానేస్తే కొంత నయం. పళ్లు లేని పెద్దవాళ్లకూ, ఏడాది దాటిన పిల్లలకూ తెల్ల జుక్ హాయిగా పెట్టొచ్చు, ఉప్పు చూసుకుని. వేడి మాత్రం మోసం చేస్తుంది. పైన ఆవిరి కనబడకపోయినా లోపల నాలుక కాలేంత వేడి ఉంటుంది, అంచుల నుంచి తినండి. పల్లీలు, నువ్వులు, రొయ్యలు పడనివాళ్లు అడక్కుండా ఏదీ తినొద్దు.

పార్శిల్ ఇస్తారా?

ఇస్తారు. 2024 ఏప్రిల్ 22 నుంచి హాంకాంగ్‌లో పార్శిళ్లకు వాడి పారేసే ప్లాస్టిక్ చెంచాలు ఇవ్వడం ఆపేశారు. చెక్కదో కాగితందో ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు, మీ చెంచా మీరు తెచ్చుకోండి. యౌ జా గ్వాయ్ మూత పెట్టిన డబ్బాలో వద్దు, కాగితం సంచిలో అడగండి.

ఏ కొట్టుకి వెళ్లాలి?

మీరు దిగిన చోటుకి దగ్గరున్నదానికి. జుక్ కోసం ఊరు దాటి వెళ్లడం ఇక్కడివాళ్ల అలవాటు కాదు. పేర్లు కావాలంటే, షాంగ్ వాన్‌లో బర్డ్ స్ట్రీట్ మీద సాంగ్ కీ ఉంది, చేప జుక్‌కి పెట్టింది పేరు. షామ్ షుయ్ పో ప్రాంతంలో ‘హాప్ యిక్ తాయ్’ కొట్టు చ్యోంగ్ ఫన్‌కి. గ్వాంగ్‌జౌ వెళ్తే కప్ దాయ్ జుక్‌కి వు ఝాన్ జీ. ఇవేవీ కుదరకపోతే మార్కెట్ భవనాల పై అంతస్తుల్లో ఉండే ప్రభుత్వ ‘కుక్డ్ ఫుడ్ సెంటర్’ ఏదైనా ఎక్కండి. ఒకప్పుడు రోడ్డు మీద బండ్లు పెట్టుకున్నవాళ్లలో చాలామందిని అలాంటి చోట్లకే మార్చారు. కింద అమ్మిన చేపే పైన గిన్నెలోకి వస్తుంది.

ఇంట్లో చేసుకోవచ్చా?

తప్పకుండా. సోనా మసూరి చాలు. కొత్త బియ్యం, అన్నానికి ముద్దవుతుందని మీరు పక్కన పెట్టేది, దీనికి ఇంకా బాగుంటుంది. బాస్మతి వద్దు. ఒక టీకప్పు బియ్యం కడిగి అరగంట నానబెట్టి, వంచి, అర చెంచా ఉప్పు, ఒక చెంచా నూనె పట్టించండి. పన్నెండు కప్పుల నీళ్లు మరిగాకే బియ్యం వేయాలి, చల్లటి నీళ్లలో వేస్తే అడుగంటుతుంది. పది నిమిషాలు పెద్ద మంట, తర్వాత మూత ఓరగా పెట్టి గంటన్నర చిన్న మంట. చివరి పావుగంట వదలకుండా కలపండి.

అంత ఓపిక లేకపోతే కడిగి వార్చిన బియ్యాన్ని సంచిలో వేసి రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో పెట్టండి. గింజలోని నీరు గడ్డకట్టి గింజను చిట్లగొడుతుంది. పొద్దున దాన్ని అలాగే మరిగే నీళ్లలో వేస్తే అరగంటలోపే విచ్చుకుంటుంది. చికెన్ అయితే కాగితంలా పలచగా కోసి, సోయా సాస్, మొక్కజొన్న పిండి, చుక్క నూనె పట్టించి, జుక్ బాగా మరుగుతున్నప్పుడు వేసి మూడు నాలుగు నిమిషాలు ఉడకనివ్వండి. శాకాహారులు పుట్టగొడుగులు, ఉడికిన పల్లీలు వేసుకోవచ్చు. పైన అల్లం, ఉల్లికాడలు, తెల్ల మిరియాల పొడి. కొత్తిమీర వేస్తే తప్పేం కాదు.

చైనీస్ న్యూ ఇయర్‌కి వస్తున్నాం. కొట్లు తెరిచి ఉంటాయా?

పండుగ మొదటి మూడు రోజులు ప్రభుత్వ సెలవులు, ఇంటిమనుషులే నడుపుకునే చిన్న కొట్లు చాలావరకు మూసి ఉంటాయి. పైగా ఏడాది మొదటి రోజు జుక్ తింటే ఏడాదంతా పేదరికమని పాతకాలం వాళ్ల నమ్మకం, బియ్యం చాలనివాళ్ల తిండి కదా. ఆ రోజు ముల్లంగి కేకులు తినండి. నాలుగో రోజు నుంచి కొట్లు ఒక్కొక్కటే తెరుస్తారు, వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.